ఆడుజీవితం: పుస్తకంలో మేక, తెరమీద ఎడారి

ముందు పేరు సంగతి చూద్దాం. ‘ఆడుజీవితం’ అని వినగానే ఇదేదో ఆడవాళ్ల బతుకు మీద తీసిన సినిమా అనుకున్న తెలుగువాళ్లు తక్కువేం కాదు. మలయాళంలో ఆడు అంటే మేక. మనకి మరీ పరాయి మాటేం కాదు, తెలంగాణలో యాట అంటారు కదా, యాటకూర అంటారు కదా, ఆ యాటా ఈ ఆడూ ఒక్క మూలం నుంచి వచ్చినవే. కాబట్టి తెలుగులో ‘యాట బతుకు’ అంటే సరిగ్గా అతుకుతుంది. ఆ పేరుని పట్టుకుని నవలనీ సినిమానీ పక్కపక్కన పెడితే తేడా సగం అక్కడే దొరికిపోతుంది. బెన్యామిన్ రాసింది మెల్లమెల్లగా మేకగా మారిపోయిన మనిషి కథ. బ్లెస్సీ తీసిన సినిమాలో ఆ మార్పు ఉంది గానీ, సినిమా మనసంతా ఎడారి దాటడం మీదే ఉంది.

నవల 2008లో మలయాళంలో వచ్చింది. మరుసటేడు కేరళ సాహిత్య అకాడమీ అవార్డు, 2012లో ఇంగ్లీషు అనువాదం, వందకు పైగా ముద్రణలు, గల్ఫ్‌లో నిషేధం, అన్నీ చూసేసింది. బెన్యామిన్ అప్పటికి బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి గల్ఫ్ బతుకు ఆయనకి పక్కింటి విషయమే. సినిమా 2024 మార్చి 28న మలయాళంతో పాటు తెలుగు, తమిళం, కన్నడ, హిందీలో విడుదలైంది. మధ్యలో గడిచిన పదహారేళ్లలో ఎక్కువ భాగం బ్లెస్సీ ఈ సినిమా కోసమే పెట్టాడు. షూటింగ్ 2018లో మొదలైతే 2020లో కరోనా వచ్చి, యూనిట్ మొత్తం జోర్డాన్‌లోని వాడీ రమ్ ఎడారిలో ఇరుక్కుపోయింది. గల్ఫ్‌లో చిక్కుకుపోయినవాడి కథ తీయడానికి వెళ్లి, ఇంటికి రాలేక, ప్రభుత్వం పంపిన విమానం కోసం రెండు నెలలు ఎదురుచూశారు.

కథ తెలిసిందే అయినా రెండు ముక్కల్లో చెప్పుకోవాలి. నజీబ్ కేరళలో నదిలో మునిగి ఇసుక తీసే కూలీ. భార్య సైను గర్భవతి. తెలిసినవాళ్ల ద్వారా వీసా దొరికితే, కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పని అని నమ్మి, హకీం అనే కుర్రాడితో కలిసి రియాద్‌లో దిగుతాడు. ఎయిర్‌పోర్టు బయట ఎవరూ రారు. చాలాసేపటికి ఒక పాత బండిలో ఒక అరబ్ వస్తాడు, వీళ్లని ఎక్కించుకుని ఎడారి మధ్యలోకి తీసుకుపోతాడు. అక్కడ మేకల కొట్టం, అంటే మసరా. హకీంని ఒకచోట, నజీబ్‌ని ఇంకోచోట దించేస్తారు. అంతే. నవల లెక్క ప్రకారం మూడేళ్ల నాలుగు నెలల తొమ్మిది రోజులు. (ముగింపు తెలియకూడదు అనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయడం మంచిది, ఇక దాచేది ఏమీ ఉండదు.)

నవల అసలు ఎక్కడ మొదలవుతుందో చూస్తే బెన్యామిన్ తెలివి అర్థమవుతుంది. కొట్టంలో కాదు, ఎయిర్‌పోర్టులో కాదు, రియాద్‌లోని బతా పోలీస్ స్టేషన్ ముందు. నజీబ్, హమీద్ అనే ఇంకొకతను ఆ గుమ్మం దగ్గర తచ్చాడుతుంటారు, ఎందుకంటే వాళ్లకి అరెస్టు అవ్వాలని ఉంది. పోలీసులు పట్టించుకోరు. అరెస్టు చేయండి బాబూ అని ఎదురు చూడాల్సి రావడం నవ్వొచ్చే దృశ్యం, రచయిత దాన్ని నవ్వొచ్చేలాగే రాశాడు. తీరా లోపలికి వెళ్లాక జైల్లో దొరికే తిండి, నిద్ర, మాట్లాడే మనుషులు, ఇవన్నీ నజీబ్‌కి పండగలా అనిపిస్తాయి. పాఠకుడికి అప్పుడు ఒకే ప్రశ్న పుడుతుంది: జైలే స్వర్గంలా ఉందంటే వీడు ఎక్కడి నుంచి వచ్చాడు?

అంటే నవలలో మొదటి పేజీలకే తేలిపోయింది, నజీబ్ బతికాడు. బయటపడతాడా లేదా అనే టెన్షన్ లేదు. ఆ టెన్షన్ తీసేయడం వల్లే పాఠకుడి దృష్టి అసలు చూడాల్సిన చోటికి, ఆ మూడేళ్లలో ఒక మనిషి లోపల ఏం జరిగింది అనేదాని మీదకి పోతుంది. సినిమా ఈ పని చేయదు. జైలు భాగం మొత్తం చివరికి పోయింది, అది కూడా చాలా కుదించుకుని. సినిమా మొదటి నుంచీ మనల్ని ఎడారిలో, అతని పక్కన, తర్వాత ఏమవుతుందో తెలియని స్థితిలో నిలబెడుతుంది. సర్వైవల్ సినిమాకి అదే మామూలు పద్ధతి, ప్రేక్షకుడు మూడు గంటలు కూర్చోవాలంటే బయటపడతాడా లేదా అనేది తెలియకుండా ఉండాలని లెక్క. తప్పని అనలేం కానీ, పుస్తకం చదివినవాళ్లకి ఆ నవ్వు పోయిందని మాత్రం వెంటనే తెలిసిపోతుంది. సినిమాలో నవ్వు దాదాపు లేదు. నవల్లోని నజీబ్ తన కష్టాన్ని చూసి తనే వెటకారమాడగలడు, గల్ఫ్ అంటే ఏం ఊహించుకున్నాడో, చివరికి ఏం దొరికిందో పక్కపక్కన పెట్టి నవ్వుకోగలడు. గొంతు ఎత్తకుండా చెప్పుకుపోయే ఆ మాటే పుస్తకాన్ని ఏడుపుగొట్టు కథ కాకుండా కాపాడింది.

ఆ గొంతుకి బదులు సినిమా దగ్గర ఉన్నది ఒళ్లు. నజీబ్‌గా చేసిన పృథ్వీరాజ్ 31 కిలోలు తగ్గాడని అందరూ చెప్పుకున్నారు, తప్పించుకునే ముందు బట్టలు విప్పి తొట్టి దగ్గర స్నానం చేసే సీన్ చూస్తే ఆ చెప్పుకోవడంలో అతి లేదనిపిస్తుంది. వెన్నెముక, పక్కటెముకలు, లోపలికి పోయిన పొట్ట. పుస్తకం పేజీలకు పేజీలు రాసి చెప్పే కరువుని ఆ ఒక్క సీన్ చెప్పేస్తుంది. ఇంకో మంచి నిర్ణయం భాష విషయంలో తీసుకున్నారు. అర్బాబ్, అంటే యజమాని, మాట్లాడే అరబ్బీకి తెరమీద అనువాదం వేయలేదు. నజీబ్‌కి ఎంత అర్థమవుతుందో మనకీ అంతే, అంటే మొదట్లో ఏమీ అర్థం కాదు, దెబ్బ పడ్డాక గానీ ఏం తప్పు చేశాడో తెలియదు. నవలలో ఇది సాధ్యం కాదు, ఎందుకంటే చెప్పేవాడు అన్నీ అయిపోయాక చెబుతున్నాడు, అతనికి ఇప్పుడు తెలుసు. పుస్తకాన్ని సినిమా నిజంగా దాటేసిన చోట్లలో ఇదొకటి.

దెబ్బ అంటే గుర్తొచ్చింది, నీళ్ల సంగతి. నవలలో ఇది మొదటి రోజుల్లోనే వస్తుంది. పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక కడుక్కోవడానికి నజీబ్ నీళ్లు తీసుకుంటే అర్బాబ్ బెల్టుతో కొడతాడు. ఆ నీళ్లు మేకలవి. ట్యాంకర్ తెచ్చేది మేకల కోసం, ఒంటెల కోసం, మనిషి కడుక్కోవడానికి కాదు. చిన్నప్పటి నుంచి శుభ్రతని మతంలో భాగంగా నేర్చుకున్నవాడు, నదిలో మునిగి ఇసుక తీసి బతికినవాడు, ఒళ్లంతా నీళ్లలోనే గడిపినవాడు, వాడికి ఈ దెబ్బ ఒంటి మీద కంటే లోపల ఎక్కువ తగులుతుంది. అతను మనిషితనం పోగొట్టుకోవడం మొదలయ్యేది ఆకలితో కాదు, ఈ కడుక్కోలేకపోవడంతో. అలాంటి వివరం కనిపెట్టి అక్కడ పెట్టడం గొప్ప రచయితలకే వస్తుంది.

సినిమా నీటిని ఇంకో దారిలో వాడుకుంది. ఎడారిలో నీటిచుక్క, వెంటనే కేరళలో నిండా పారే నది. ఎడిటర్ శ్రీకర్ ప్రసాద్ (మన ఎల్.వి. ప్రసాద్ కుటుంబం నుంచి వచ్చినవాడే) ఈ రెండు లోకాలని కుట్టిన తీరు చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. నవలలో కేరళ భాగం క్లుప్తంగా ముగుస్తుంది, సైను మీద ప్రేమ కంటే వీసా డబ్బులు ఎలా కూడగట్టాడనే తిప్పలే ఎక్కువ గుర్తుంటాయి. సినిమాలో నది, పాట, సైనుగా అమలా పాల్, వాన, పచ్చదనం, అన్నీ కలిసి ఆ ఇల్లు ఒక కలలా తయారైంది. నిజానికి ఆ ఇంట్లో పూట గడవకే కదా అతను బయల్దేరింది. ఇల్లు అంత అందంగా కనిపిస్తే వెళ్లడమే తెలివితక్కువ పనిలా అనిపించే ప్రమాదం ఉంది. గల్ఫ్‌కి పోయినవాళ్ల ఇళ్లలో అడిగితే ఎవరూ అలా చెప్పరు.

అందం అనే చిక్కు ఎడారికీ ఉంది. కె.ఎస్. సునీల్ కెమెరాలో వాడీ రమ్, అల్జీరియాలోని సహారా అద్భుతంగా ఉన్నాయి. ఎర్రటి ఇసుకరాతి కొండలు, దూరం నుంచి చీమంత కనిపించే మనిషి, ఇసుక తుపాను మింగేస్తున్న ఆకాశం. చూస్తున్నంతసేపు నోరు తెరుచుకుని చూస్తాం, అదే సమస్య. నవలలోని నజీబ్‌కి ఎడారిని మెచ్చుకునే తీరిక ఎక్కడిది, అతని లోకం కొట్టం కంచె, మేకల పెంట, గడ్డి మోపులు, ఎండు ఖుబ్బూస్ రొట్టె, ఇనుప మంచం. ఎడారిని అంత వెడల్పుగా చూడాలంటే దూరంగా, ఎత్తు మీద నిలబడాలి. అలా నిలబడే తీరిక నజీబ్‌కి లేదు, కెమెరాకి మాత్రం ఉంది.

ఇక వాసన. పుస్తకంలో అర్బాబ్ ఎయిర్‌పోర్టు దగ్గర కనిపించినప్పుడే మొదట తగిలేది అతని కంపు. కొన్ని నెలలకి నజీబ్‌కి ఆ కంపు తెలియడం మానేస్తుంది, అంటే తనూ అదే వాసన వేస్తున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా ఒకటుంటుంది, దాని రుచీ వాసనా ఊరికి మిగిలిన ఆఖరి దారం. ఏ సినిమా అయినా చేతులెత్తేసే చోటు ఇది, వాసనని తీయలేం. బ్లెస్సీ మట్టి, జడలు కట్టిన జుట్టు, నల్లబడ్డ పళ్లు చూపించి దగ్గరికి వెళ్లాడు. వెళ్లగలిగినంత వెళ్లాడనే చెప్పాలి.

ఇప్పుడు మేకల దగ్గరికి రావాలి, ఎందుకంటే అసలు తేడా అక్కడే ఉంది.

నవలలో నజీబ్ మేకలకి పేర్లు పెడతాడు. ఊరివాళ్ల పేర్లు. పోచ్చక్కారి రమణి, మేరీ మైమూనా, అరవు రావుత్తర్, ఇలా సాగుతుంది ఆ జాబితా. ఊళ్లో తెలిసినవాళ్లే కాదు, మోహన్‌లాల్, జగతి, ఈఎంఎస్ కూడా ఉంటారు, సినిమావాళ్లు, నాయకులు ఎవరినీ వదల్లేదు. ఒక్కో మేకకి నడకలోనో చూపులోనో అరుపులోనో ఎవరి పోలికో పట్టుకుని ఆ పేరు పెట్టేశాడు. పైకి చిలిపితనంలా కనిపిస్తుంది. కానీ ఆలోచిస్తే, మలయాళంలో మాట్లాడటానికి ఒక్క మనిషి లేనివాడు ఎడారిలో తన ఊరిని మళ్లీ కట్టుకుంటున్నాడు. కొట్టం నిండా ఊరంతా ఉంది. పొద్దున పాలు పిండేటప్పుడు, సాయంత్రం లోపలికి తోలేటప్పుడు వాళ్లతో కబుర్లు చెబుతాడు, కోపపడతాడు, తన బాధ చెప్పుకుంటాడు. మాట పోకుండా నిలబెట్టుకోవడానికి అతనికి దొరికిన దారి అదే. సర్వైవల్ అంటే నీళ్లు, తిండి, దిక్కు తెలియడం అనుకుంటాం. ఈ నవల లెక్కలో మాట్లాడుతూ ఉండటమే ముందు, తిండి తర్వాత.

ఈ పేర్ల ఆట ఒక్కసారిగా భయంకరంగా మారేది నబీల్ దగ్గర. పుట్టబోయే బిడ్డ కొడుకైతే నబీల్ అని పేరు పెట్టాలని ఇంట్లో అనుకుని వచ్చాడు. ఇక్కడ ఒక మేకపిల్ల అతని చేతుల్లోనే పుడుతుంది, దానికి ఆ పేరు పెట్టుకుంటాడు. చూడని కొడుకుని ఆ పిల్లలో చూసుకుంటాడు. కొన్నాళ్లకి అర్బాబ్ మగపిల్లలని ఏరి విత్తులు తీయించడం మొదలుపెడితే నబీల్ వంతు కూడా వస్తుంది. ఆ రోజుతో తన మగతనం కూడా పోయిందని నజీబ్ చెబుతాడు. ఏ కత్తీ అతన్ని ముట్టుకోలేదు, కానీ పోయింది. ‘మేక బతుకు’ అనే పేరు ఉపమానం కాకుండా పోయేది ఆ పేజీలోనే. ఇంకోచోట, ఒంటరితనం ముదిరిపోయిన ఒక రాత్రి, మేకతో శారీరకంగా కలవడం కూడా రాశాడు రచయిత. దాన్ని ఊరించేలా రాయలేదు, సమర్థించనూ లేదు, జరిగిందని చెప్పి పక్కకి తప్పుకున్నాడు. పుస్తకం మీద వచ్చిన గొడవల్లో చాలావరకు ఆ కొన్ని వాక్యాల మీదే.

సినిమాలో ఆ రాత్రి లేదు. ఎందుకు లేదో ఊహించడం కష్టమేం కాదు, పెద్ద హీరో, కుటుంబాలు వచ్చి చూడాల్సిన సినిమా, సెన్సార్, ఇన్ని ఉన్నాయి. దాన్ని తీసేసినందుకు తప్పు పట్టక్కర్లేదు కూడా, తెరమీద ఆ కొన్ని వాక్యాలు మిగతా మూడు గంటలనీ మింగేసేవి. నష్టం వేరేచోట ఉంది. దాంతోపాటు మేకలతో ఉన్న బంధం మొత్తం పలచబడిపోయింది. తెరమీద మేకలు మందగా కనిపిస్తాయి, ఒక్కో మేకగా కనిపించవు. వెళ్లేముందు వాటికి వీడ్కోలు చెప్పే చోట మన మనసు కదులుతుంది గానీ, ఎవరికి వీడ్కోలు చెబుతున్నాడో తెలియదు. పుస్తకం చదివినవాడికి అది ఊరంతటికీ చెప్పే వీడ్కోలు. ఆ పేర్లు ఒక పది నిమిషాలు పెట్టి ఉంటే, నది పాటలో ఒక చరణం తగ్గించి పెట్టి ఉంటే, సినిమా ఇంకోలా నిలబడేది.

దీనివల్ల నజీబ్ మనిషే మారిపోయాడు. నవల్లోని నజీబ్ కొంచెం పిరికివాడు, కొంచెం స్వార్థపరుడు, హకీం కంటే తనకి పరిస్థితి మెరుగ్గా ఉందా అని లోపల లెక్కలేసుకునేవాడు, దేవుడితో వాదించేవాడు. సినిమాలో నజీబ్ దెబ్బలు తినే మంచివాడు. జాలి పుట్టించడానికి మంచివాడే సులువు. కానీ మనలాంటివాడు అనిపించాలంటే కాస్త మురికి ఉండాలి. ఇంత చెప్పాక పృథ్వీరాజ్‌కి ఒక న్యాయం చేయాలి, రాతలో తగ్గింది అతను నటనలో కొంత నింపాడు. మొదట పూర్తి వాక్యాలు మాట్లాడేవాడు తర్వాత ముక్కలుగా, ఆ తర్వాత మూలుగుల్లా, చివరికి మేక అరుపుకి దగ్గరగా వెళ్లిపోతాడు. ఆ గొంతు మార్పుని గమనిస్తే పుస్తకంలోని ‘మేక అవ్వడం’ అక్కడ దాక్కుని ఉందని తెలుస్తుంది. 2024లో ప్రకటించిన కేరళ రాష్ట్ర అవార్డుల్లో ఉత్తమ నటుడిగా అతను గెలవడంలో ఆశ్చర్యం లేదు.

ఎడారి దాటే భాగంలో మాత్రం సినిమాదే పైచేయి. పక్క మసరాలో హకీం ఉన్నాడు, అక్కడికి పనికి వచ్చిన ఇబ్రహీం ఖాద్రీ అనే సోమాలియా మనిషి దారి చూపిస్తానంటాడు, అర్బాబ్‌లు పెళ్లికి వెళ్లిన రాత్రి ముగ్గురూ పరిగెడతారు. నవలలో ఇది చాలా భాగాల్లో ఒక భాగం. సినిమా రెండో సగంలో చాలావరకు ఇదే. నీళ్లు అయిపోవడం, పాములు, పాదాలు చీలిపోవడం, నాలుక ఎండిపోయి మాట రాకపోవడం, ఇసుకనే నీళ్లనుకుని నోట్లో కుక్కుకునే హకీం. ఆ చావు చదివినప్పటికంటే చూసినప్పుడు ఎక్కువ భయపెడుతుంది. గోకుల్ అనే కొత్త కుర్రాడు ఆ పాత్ర చేశాడు, సినిమా అయిపోయాక చాలామందికి ముందు గుర్తొచ్చింది అతనే. దప్పిక మనిషిని ఎలా చంపుతుందో డాక్టర్లు చెప్పేదీ ఇంతే, ఒంట్లో నీరూ లవణాలూ లెక్క తప్పితే ముందు మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి, తర్వాతే మిగతావి. సినిమా ఆ వరుసని తొందరపడకుండా చూపించింది.

ఇబ్రహీం ఖాద్రీ విషయంలో రెండూ ఒకే దారిలో నడిచాయి. అతను దారి చూపించి, తీరా రోడ్డు దగ్గరపడే వేళకి మాయమైపోతాడు. చచ్చిపోయాడా, విడిపోయాడా, అసలు అతను మనిషేనా? నవలలో నజీబ్ మొదటి నుంచీ అల్లాతో మాట్లాడుతున్నాడు, ప్రతి కష్టానికీ లెక్క అడుగుతున్నాడు, కాబట్టి ఇలాంటి మనిషి రావడం అతని నమ్మకంలో ఇమిడిపోతుంది. జనాన్ని ఎడారి దాటించిన ప్రవక్త మూసా కథ చిన్నప్పటి నుంచి విన్నవాడు కదా. సినిమాలో ఆ సంభాషణ అంతా ఏ.ఆర్. రహమాన్ పాట మీదకి, ‘పెరియోనే’ (ఓ ప్రభూ) అనే ఆ ఒక్క పిలుపు మీదకి పోయింది. పాట గొప్పదే. అయితే పాటలో వేడుకోలు ఉంటుంది, నవలలో దేవుడితో పేచీ ఉంటుంది. హైతీలో పుట్టిన జిమ్మీ జీన్ లూయీ ఈ పాత్రని మాటలు తక్కువగా, నడకతోనే చేసుకుపోయాడు, అది లేకపోతే ఈ మాయమవ్వడం తేలిపోయేదే.

ఇక అర్బాబ్ ఎవరు, తప్పు ఎవరిది అనే గొడవ. సినిమా ఓటీటీలోకి వచ్చాక 2024 వేసవిలో సౌదీ జనం చాలామంది మండిపడ్డారు, తమ దేశాన్ని రాక్షసుల దేశంలా చూపించారని. అర్బాబ్‌గా చేసిన ఒమన్ నటుడు తాలిబ్ అల్ బలూషీ మీద కూడా విరుచుకుపడ్డారు. ఈ కోపంలో సగం అన్యాయం ఉంది, ఎందుకంటే రోడ్డు మీద దిక్కులేకుండా పడి ఉన్న నజీబ్‌ని తన ఖరీదైన కారులో ఎక్కించుకుని ఊళ్లో దించింది కూడా ఒక అరబ్బే, పుస్తకంలోనూ తెరమీదా. కానీ సినిమాలో అర్బాబ్ ఎక్కువగా తుపాకీ, బైనాక్యులర్స్, బూతులు. అతన్ని అలా తయారు చేసిన వ్యవస్థ గురించి సినిమా తక్కువ మాట్లాడుతుంది.

ఆ వ్యవస్థ పేరు మన ఊళ్లకి కొత్త కాదు. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి పోయినవాళ్లని, కడప వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్‌కి ఇంటిపనికి పోయిన ఆడవాళ్లని అడిగితే ఖఫీల్ అనే మాట అర్థం చెప్పక్కర్లేదు. వీసా ఎవరి పేరు మీద వచ్చిందో ఆ యజమానే ఖఫీల్, పాస్‌పోర్టు చాలాసార్లు అతని దగ్గరే, ఇఖామా, అంటే అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు, అతను చేయిస్తేనే, పారిపోతే హురూబ్ కేసు. కాగితాలు లేకుండా దొంగచాటుగా పనిచేసుకుంటూ తిరిగేవాళ్లని తెలంగాణ కార్మికులు ఖల్లివల్లి అంటారు, ఆ మాట ఇప్పుడు ఊళ్లలో సగం తిట్టులా, సగం జోకులా తిరుగుతోంది. డ్రైవర్ పని అని తీసుకుపోయి ఎడారిలో ఒంటెల దగ్గర పడేశారు, కాపాడండి అని ఏడుస్తూ తీసుకున్న సెల్ఫీ వీడియోలు ఇప్పటికీ అప్పుడప్పుడూ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటాయి. నజీబ్ దగ్గర ఫోన్ లేదు, అంతే తేడా. 2021 మార్చిలో సౌదీ ఈ ఖఫీల్ పద్ధతిని సడలించినప్పుడు కూడా ఇంటి పనివాళ్లని, తోట పనివాళ్లని, పశువులు కాసేవాళ్లని ఆ సడలింపు బయటే ఉంచింది. అంటే నజీబ్‌కి జరిగినట్టు జరిగే అవకాశం ఎవరికి ఎక్కువో వాళ్లనే.

కథ వెనక నిజంగానే ఒక మనిషి ఉన్నాడు, అలప్పుళ జిల్లావాడు, సినిమా విడుదలయ్యాక టీవీలన్నీ ఆయన వెంట పడ్డాయి. పుస్తకంలోని ప్రతి వాక్యం ఆయనకి జరిగిందే అనుకుని కొందరు ఆయన్ని అడగకూడని ప్రశ్నలు అడిగారు కూడా. అప్పుడు బెన్యామిన్ ఇది నవల, జీవిత చరిత్ర కాదు అని చెప్పాల్సి వచ్చింది. 2008లో చదివినప్పుడు ఎవరికీ రాని అనుమానం తెరమీద చూశాక వచ్చింది. బొమ్మకి ఆ బలం ఉంది, చూసింది జరిగిందే అనిపిస్తుంది.

చివరగా ఆ జైలు. రోజూ కొంతమంది అర్బాబ్‌లు వచ్చి, వరుసలో నిలబెట్టిన ఖైదీల్లో తమవాడు ఉన్నాడేమో చూసుకుంటారు. ఉంటే కొట్టుకుంటూ లాక్కెళ్లొచ్చు, పోలీసులే అప్పజెబుతారు. నవలలో ఇది మొదట్లోనే వచ్చేస్తుంది గానీ అప్పుడు మనకి దాని బరువు తెలియదు, కథంతా చదివి మళ్లీ అక్కడికి వచ్చినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. నజీబ్ అర్బాబ్ వస్తాడు. వరుసలో నజీబ్ ముందు ఆగుతాడు. గుర్తుపడతాడు. ఏమీ అనకుండా వెళ్లిపోతాడు. ఎందుకు వదిలేశాడో తర్వాత ఒక పోలీసు చెబుతాడు: వీడు నా వీసా మీద వచ్చినవాడు కాదు, అయ్యుంటే ఈడ్చుకుపోయేవాణ్ని అన్నాడట. ఎయిర్‌పోర్టులో దిక్కులేక నిలబడ్డ ఇద్దరిని చూసి తన మనుషులని చెప్పి ఎక్కించుకుపోయాడు, అంతే. మూడేళ్లకి పైగా నజీబ్ భయపడింది లేని కాగితానికి. సినిమాలో కూడా ఈ మాట వస్తుంది, కానీ ఎడారి, హకీం చావు అన్నీ అయ్యాక, ప్రేక్షకుడు అలసిపోయి ఉన్నప్పుడు, నజీబ్ ఇంటికి వెళ్లే తొందరలో గబగబా వచ్చి పోతుంది. చాలామందికి అది దొంగతనంగా అర్థమైంది గానీ, చట్టం లోపల ఉన్న వెక్కిరింతగా అర్థం కాలేదు.

పుస్తకంలో ఆ వెక్కిరింత అర్థం కావడానికి హమీద్ ఉన్నాడు. నజీబ్‌తో కలిసి పోలీస్ స్టేషన్ ముందు తచ్చాడినవాడు, అలాంటి కొట్టం నుంచే పారిపోయి వచ్చినవాడు, అదే జైల్లో అదే వరుసలో నిలబడ్డవాడు. అతని అర్బాబ్ కూడా వస్తాడు, గుర్తుపడతాడు, ఏడుస్తున్నా బతిమాలుతున్నా అందరి ముందే ఈడ్చుకుపోతాడు. హమీద్ కాగితాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.